హెచ్-ఇండెక్స్ గురించి అడిగిన పరిశోధక విద్యార్థినికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ మెయిలు చదివాను. పీహెచ్‌డీ మూడో ఏడు నడుస్తోందని, పేపర్లు మూడే వచ్చాయని, హెచ్-ఇండెక్స్ రెండు దగ్గరే ఉండిపోయిందని, పక్క ల్యాబు వాళ్ల అంకెలు చూస్తే నిద్ర పట్టడం లేదని రాశావు. అంకెలు పట్టించుకోకమ్మా అని చెప్పి తప్పించుకోను. రేపు ఇంటర్వ్యూ కమిటీ ముందు కూర్చున్నప్పుడు వాళ్లు ముందుగా చూసేది వాటినే. అయితే ఆ అంకె ఎక్కడ పుడుతుందో నీకు తెలియాలి.

పరిశోధకుల పనిని కొలిచే హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించింది శాన్ డియాగోలో పనిచేసే హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త. నీ పేపర్లలో ఎనిమిదింటికి తలా ఎనిమిది సైటేషన్లైనా, అంటే ఇతరుల పేపర్లలో ప్రస్తావనలైనా, వస్తే నీ హెచ్ ఎనిమిది. అంతే లెక్క. ఏళ్లు గడిచేకొద్దీ అది పెరగడమే గాని తగ్గడం ఉండదు. జీవితంలో ఒక్క పేపరే రాసి దానికి వెయ్యి సైటేషన్లు తెచ్చుకున్నవాళ్లకు కూడా హెచ్ ఒకటే. కాబట్టి మూడో ఏడు విద్యార్థిని తన అంకెను ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల అంకె పక్కన పెట్టుకుని కుమిలిపోవడంలో అర్థం లేదు. పక్క ల్యాబు వాళ్లు మెషిన్ లెర్నింగ్ చేస్తుంటే వాళ్లతోనూ పోల్చుకోకు. అక్కడ రాసేవాళ్లు ఎక్కువ, సైటేషన్లూ ఎక్కువ.

ఇక మన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ రంగంలో ఏ పేపర్లు నిలబడ్డాయో చూడు. 1994లో చిదంబర్, కెమెరర్ కలిసి ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అనే జర్నలులో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్‌కు ఆరు కొలతలు ఇచ్చారు. ఒక క్లాసు (డేటానూ దాని మీద పనిచేసే మెథడ్లనూ కలిపి ఉంచే కోడు ముక్క) ఎన్ని ఇతర క్లాసులతో ముడిపడి ఉంది, వారసత్వం ఎన్ని మెట్ల లోతుకు పోయింది, ఇలాంటివి. కోడు చేతిలో ఉన్న ఎవరైనా వాటిని లెక్కగట్టుకోవచ్చు. బగ్గులు ఎక్కడ వస్తాయో ముందుగా అంచనా వేయాలనుకున్నవాళ్లు ఆ కొలతలు వాడుకున్నారు. అందులో ఒక కొలత, క్లాసులోని మెథడ్లకు ఒకదానితో ఒకటి పొత్తు లేకపోవడాన్ని కొలిచేది, సరిగా లేదని వాదించినవాళ్లూ ఎందరో. వాదించాలన్నా ఆ పేపరును సైట్ చేయాల్సిందే కదా.

మన రంగంలోనే పరిశోధకురాలైన బార్బరా కిచెన్‌హామ్ సంగతి ఇంకా ఆలోచించదగ్గది. సిస్టమాటిక్ రివ్యూ, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లను పద్ధతి ప్రకారం వెతికి సమీక్షించడం, ఎలా చేయాలో చెప్పే ఆవిడ మార్గదర్శకాలు 2004లో కీల్ విశ్వవిద్యాలయం సాంకేతిక నివేదికగా వచ్చాయి. 2007లో చార్టర్స్‌తో కలిసి దాన్ని విస్తరించారు, అదీ నివేదికే. జర్నలు ముద్ర లేకపోయినా వేల మంది దాన్ని సైట్ చేశారు, నువ్వు కూడా మొదటి ఏడాదిలో చేశావు. సర్వే రాయడానికి కూర్చున్న ప్రతి విద్యార్థికీ తర్వాతి అడుగు ఏమిటో అందులో దొరుకుతుంది మరి.

మూడో ఉదాహరణ నీ పనికి బాగా దగ్గరది, డిఫెక్ట్స్‌ఫోర్‌జే. 2014లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మీద జరిగే ఇస్టా సదస్సులో రెనే జస్ట్, జలాలీ, మైకేల్ ఎర్న్‌స్ట్ ఇచ్చిన చిన్న టూల్ పేపరది. అయిదు ఓపెన్ సోర్స్ జావా ప్రోగ్రాముల నుంచి 357 నిజమైన బగ్గులు ఏరి పెట్టారు. ప్రతి బగ్గుకూ చెడిన కోడు, బాగుచేసిన కోడు, బాగుచేయక ముందు ఫెయిలై తర్వాత పాసయ్యే టెస్టు ఒకటైనా ఉంటాయి. బగ్గును సరిచేసినప్పుడు జరిగిన వేరే మార్పులన్నీ తీసేసి, బగ్గుకు సంబంధించిన తేడాను మాత్రమే ఉంచారు. కూర్చుని చేయాల్సిన చాకిరీ అది. తర్వాత ప్రోగ్రామ్ రిపేర్ (బగ్గులను ఆటోమేటిక్‌గా సరిచేయడం) మీద పనిచేసినవాళ్లలో దాని మీద తమ పద్ధతిని పరీక్షించనివాళ్లు అరుదు. ఇంకొకరు చేయాల్సిన నెలల పనిని వాళ్లు ముందే చేసి పెట్టారు.

నీ రెండో పేపరుకు నువ్వు చేతితో లేబుల్ చేసిన ఆ కమిట్ల (కోడులో నమోదైన మార్పుల) డేటా ఉంది చూడు, దాని గురించే ఇదంతా చెబుతున్నాను. పేపరులో దాన్ని రెండు పేరాలలో ముగించి, కోడు పెట్టుకునే గిట్‌హబ్ సైటు లింకు ఒకటి ఇచ్చి వదిలేశావు. ఆ లింకు తెరిచి చూశాను. ఏ వెర్షన్ పైథాన్ కావాలో లేదు, కాలమ్‌ల పేర్లకు వివరణ లేదు, లైసెన్సు లేదు. ముందు దాన్ని బాగుచేయి. ఈ పనితో సంబంధం లేని జూనియర్‌ని ఒకర్ని పిలిచి, నువ్వు పక్కన కూర్చోకుండా, వాడే విధానం రాసిన రీడ్‌మీ ఫైలు ఒక్కటే చూసుకుని నడిపించమను. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఒక వాక్యం చేర్చు. తర్వాత పరిశోధన డేటా దాచే జెనోడో సైటులో పెట్టి డీఓఐ, అంటే శాశ్వత గుర్తింపు సంఖ్య, తీసుకో. గిట్‌హబ్ లింకులు నువ్వు రిపాజిటరీ (ఆ ఫైళ్లు ఉన్న చోటు) తీసేస్తే పోతాయి. డీఓఐ నిలుస్తుంది, దాన్ని విడిగా సైట్ చేయవచ్చు కూడా. సాఫ్ట్‌వేర్ రిపాజిటరీల డేటా మీద జరిగే ఎంఎస్ఆర్ సదస్సులో డేటా పేపర్లకు ప్రత్యేకంగా ఒక ట్రాక్ ఉంది, అక్కడికి పంపు. నా మట్టుకు నాకు, నీ నాలుగో పేపరు కన్నా ఈ పని ముఖ్యం.

ఇప్పుడు నీతో ఒక పని చేయించాలి. గూగుల్ స్కాలర్‌లో నీ మొదటి పేపరు కింద ఉన్న సైటేషన్లు ఒక్కొక్కటే తెరువు. పీడీఎఫ్ చివర రిఫరెన్సుల్లో నీ పేరు వెతికి, దాని నంబరు చూసి, ఆ నంబరు లోపల ఎక్కడెక్కడ వచ్చిందో పట్టుకో. కొన్నిచోట్ల "ఈ సమస్య మీద ఎందరో పనిచేశారు [12–19]" అని గుంపులో గోవిందా అన్నట్టు ఉంటుంది. ఇంకొన్నిచోట్ల "[17] పద్ధతిని మా డేటా మీద నడిపి చూశాం" అని ఉంటుంది. స్కాలర్ దృష్టిలో రెండూ ఒకటే. నీకు మాత్రం రెండోది బంగారం. ఆ పేపరు మొత్తం చదువు, నీ పద్ధతి వాళ్ల దగ్గర ఎందుకు తేలిపోయిందో చూడు, రచయితలకు రెండు ముక్కల మెయిలు రాయి. నీ తర్వాతి ప్రశ్న అక్కడే దొరకవచ్చు.

పేరు విషయం చెప్పాలి, మనవాళ్లందరికీ ఉన్న తంటా ఇది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, సైటేషన్లు లెక్కబెట్టే సాఫ్ట్‌వేర్లు చివరి పదాన్ని ఇంటిపేరుగా తీసుకుంటాయి. నువ్వు ఒక పేపరులో ఇంటిపేరు పూర్తిగా రాశావు, ఒకదాంట్లో పొడి అక్షరం పెట్టావు, మూడో దాంట్లో అసలు వదిలేశావు. పాస్‌పోర్టులో ఎలా ఉందో చూసి, ఒక్క రూపం ఖాయం చేసుకుని, ఇక మీదట దాన్ని మార్చకు, పెళ్లయ్యాక కూడా. పరిశోధకులకు ఇచ్చే ఆర్కిడ్ గుర్తింపు నంబరు తీసుకుని ప్రతి సబ్మిషనులో ఇవ్వు. కంప్యూటర్ సైన్స్ పేపర్ల జాబితా ఉంచే డీబీఎల్‌పీ సైటులో నీ పేరే ఉన్న మరొకరి పేపర్లు నీ పేజీలో కలిసిపోతే వాళ్లకు రాస్తే విడదీస్తారు. స్కాలర్ ప్రొఫైలులో ఇతరుల పేపర్లు వచ్చి చేరితే నువ్వే తీసెయ్యి. వాటివల్ల అంకె పెరిగినా ఉంచుకోకు.

ఎక్కడ పంపాలన్నది నీకు తెలిసిందే. మన రంగంలో ఐసీఎస్ఈ, ఎఫ్ఎస్ఈ, ఏఎస్ఈ సదస్సులకు జర్నళ్లతో సమానమైన గౌరవం ఉంది. 2014లో ఐసీఎస్ఈ మన హైదరాబాదులోనే జరిగింది. కానీ మన దగ్గర నియామక కమిటీల్లో వేరే శాఖల వాళ్లు కూడా కూర్చుంటారు, వాళ్లకు జర్నలే ప్రమాణం. అందుకని ఒక మంచి పనిని జర్నలుకు, అంటే టీఎస్ఈకో (పైన చెప్పిన ఐఈఈఈ జర్నలు), టోసెమ్‌కో, ఎంపిరికల్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌కో పంపు. ఒప్పుకున్న జర్నలు పేపరును పెద్ద సదస్సుల్లో చదివే వీలు ఉంది, రెండు వైపులా పనికొస్తుంది. పేపరు అంగీకారం అయ్యాక, ప్రచురణకర్త నిబంధనలు చూసుకుని, నీ ప్రతిని ఎవరైనా ఉచితంగా చదువుకోగల ఆర్కైవ్ (arXiv) సైటులో పెట్టు. చందా కట్టలేని కాలేజీలో ఉన్నవాళ్లు చదవలేని పేపరును సైట్ ఎలా చేస్తారు?

"స్కోపస్ గ్యారంటీ, పదిహేను రోజుల్లో పబ్లికేషన్" అని (స్కోపస్ అంటే పేపర్లను నమోదు చేసే సూచిక) వాట్సాప్‌లో వచ్చేవాటిని, రచయితల వరుసలో చోటు అమ్ముతామనే వాటిని చూసిన మరుక్షణం బ్లాక్ చెయ్యి. ఈ వ్యాపారం మనకు దూరమేమీ కాదు. హైదరాబాదు నుంచి నడిచిన ఒక ప్రచురణ సంస్థ రచయితలను మోసం చేసిందని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. అలాంటి చోట ఒక్కసారి పేరు పడితే తుడిచివేయడం కష్టం, మంచి పని చేసినా ఆ వరుస మీదే కన్ను పడుతుంది. నా పేపరు నువ్వు సైట్ చెయ్యి, నీది నేను చేస్తానని స్నేహంగా అడిగేవాళ్లకూ ఒప్పుకోకు. రివ్యూయరు తనవే అయిదు పేపర్లు చేర్చమంటే, నిజంగా పనికొచ్చేది ఉంటే చేర్చు. మిగతావి ఎందుకు చేర్చలేదో జవాబు లేఖలో మర్యాదగా రాయి. ఎడిటరు కూడా చదువుతాడు.

డేవిడ్ పర్నాస్ పేరు నీకు తెలుసు, 1972లో ప్రోగ్రామును మాడ్యూళ్లుగా (విడివిడి భాగాలుగా) విడగొట్టడం గురించి రాసి మన రంగానికి పునాది వేసినవాడు. ఆయనే 2007లో కంప్యూటర్ రంగం వాళ్ల సంఘమైన ఏసీఎం పత్రికలో పేపర్ల సంఖ్యతో పరిశోధకులను కొలిచే పద్ధతి ఆపమని ఘాటుగా రాశాడు. అంకెలు లెక్కబెడితే జనం ఒక పనిని ముక్కలు చేసి పది పేపర్లుగా రాస్తారని, పైపై పనికి అలవాటు పడతారని ఆయన బాధ. నువ్వు మూడో పేపరును రెండుగా చీల్చాలా అని అడిగావు కదా, చీల్చకు. ప్రశ్న ఒకటి, డేటా ఒకటి, ఫలితం ఒకటి అయినప్పుడు పేపరూ ఒకటే.

నీ గైడుతో కూడా ఇవన్నీ మాట్లాడు, ఆయన మాట కాదని నేను చెప్పినట్టు కాకూడదు. సంక్రాంతికి ఊరెళ్లే లోపు ఆ డేటా రీడ్‌మీ పూర్తి చేసి లింకు పంపు. దాంతోపాటు నీ మొదటి పేపరు సైటేషన్ల పట్టిక కూడా చేసి పంపు: ఎవరు, ఏ వాక్యంలో, ఎందుకు. నాలుగో పేపరు ఏది రాయాలన్నది ఆ పట్టిక ముందు పెట్టుకుని తేలుద్దాం. అమ్మనూ నాన్ననూ అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేడమ్