మైనింగ్ డిఫికల్టీ చదువుతానంటున్న అబ్బాయికి మెషిన్ కొనివ్వాలా?

ప్రశ్న: సార్, మాది పాకాల దగ్గర పల్లె. మావాడు తిరుపతిలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. కొన్ని నెలలుగా క్రిప్టో మైనింగ్ డిఫికల్టీ, దాని సెక్యూరిటీ అంటూ రాత్రిళ్లు అదే చదువుతున్నాడు. మైనింగ్ మెషిన్ ఉంటే బాగా నేర్చుకోవచ్చని రెండు లక్షలు అడుగుతున్నాడు. లేకపోతే బెంగళూరులో ఏదో కోర్సులో చేర్పించమంటున్నాడు. బంధువులు అదంతా మోసం అంటున్నారు. ఆవుల మీద లోను తీసి ఇవ్వమంటారా? ఆ చదువుకు ఉద్యోగం వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక తల్లి)

సమాధానం: అమ్మా, లోను తీయకండి. బిట్‌కాయిన్ అనే క్రిప్టో కాయిన్ కోసం వాడే మైనింగ్ మెషిన్ ఒకే ఒక్క లెక్కను పగలూ రాత్రీ చేస్తూ పోతుంది. చెవులు పగిలే మోత, వేడి, కరెంటు బిల్లు తప్ప మీవాడు చదువుతున్న విషయం గురించి అది నేర్పేదేమీ లేదు. గ్రాఫిక్స్ కార్డులు పెట్టి ఇంట్లో మైనింగ్ చేద్దామన్నా, అలా ఎక్కువమంది చేసిన ఈథీరియం అనే కాయిన్ 2022 సెప్టెంబరులో మైనింగ్‌నే వదిలేసింది.

కానీ అబ్బాయిని ఆ సబ్జెక్టు నుంచి లాగేయకండి. మంచిదే పట్టుకున్నాడు. అదేమిటో మీకూ కొంచెం తెలిస్తే వాడితో మాట్లాడటం సులువవుతుంది.

బిట్‌కాయిన్‌లో లావాదేవీలను కట్టలు కట్టలుగా రాస్తారు, ఒక్కో కట్ట ఒక బ్లాక్. మెషిన్లతో లెక్క చేసి కొత్త బ్లాక్ కనుక్కోవడమే మైనింగ్, ఆ పని చేసేవాళ్లు మైనర్లు, వాళ్లకు ప్రతిఫలం కొత్త కాయిన్లు. ఆ లెక్క ఎంత కష్టమన్నదే డిఫికల్టీ. సగటున పది నిమిషాలకు ఒక బ్లాక్ రావాలి. మెషిన్లు పెరిగితే బ్లాకులు తొందరగా వస్తాయి, తగ్గితే ఆలస్యమవుతాయి. అందుకని 2016 బ్లాకులకోసారి, అంటే సుమారు రెండు వారాలకు, పట్టిన సమయాన్ని చూసి లెక్క కష్టాన్ని పెంచడమో తగ్గించడమో జరుగుతుంది. ఒక్కసారికి నాలుగు రెట్లకు మించి మారదు. 2021లో చైనా మైనింగ్‌ను ఆపించినప్పుడు ఎన్నో మెషిన్లు ఆగిపోయాయి. ఆ జులైలో డిఫికల్టీ ఒకేసారి సుమారు 28 శాతం పడింది. ఏ ఆఫీసులోనూ ఎవరూ సంతకం పెట్టలేదు, కోడ్‌లో రాసిన సూత్రం తన పని చేసుకుపోయింది.

మరి సెక్యూరిటీ ఎక్కడ? ఒక పరీక్ష ఊహించుకోండి. పిల్లలు పేపర్ తొందరగా రాసేస్తే వచ్చేసారి కష్టమైన పేపర్ ఇస్తారు, ఆలస్యమైతే సులువైనది. అయితే ఎంతసేపు పట్టిందో పిల్లలే తమ పేపర్ మీద రాసుకుంటారు! మైనింగ్‌లోనూ అంతే, బ్లాక్ మీద సమయం వేసేది దాన్ని కనుక్కున్న మైనరే. ఇష్టమొచ్చినట్టు రాయకుండా రెండు హద్దులున్నాయి. వెనకటి 11 బ్లాకుల సమయాల్లో మధ్యదానికంటే తర్వాతిదై ఉండాలి, అసలు సమయానికి రెండు గంటలకు మించి ముందుండకూడదు. ఈ హద్దుల మధ్య ఉన్న సందులోనే దొంగలు దూరుతారు.

బిట్‌కాయిన్ కోడ్‌లో మొదట్నుంచీ ఒక చిన్న పొరపాటు ఉంది. 2016 బ్లాకులు లెక్కపెట్టినా వాటి మధ్య 2015 విరామాలనే కొలుస్తుంది. ఒక విడత చివరికీ తర్వాతి విడత మొదటికీ మధ్య ఉన్న విరామం ఎవరి లెక్కలోకీ రాదు. మైనింగ్ శక్తిలో సగానికి పైగా చేతిలో ఉన్నవాళ్లు చాలా బ్లాకుల సమయాన్ని వెనక్కి పట్టి ఉంచి, విడతలోని ఆఖరి బ్లాక్‌కు మాత్రం ముందుకు జరిపి వేస్తే, ఎక్కువ సమయం పట్టినట్టు కనిపించి డిఫికల్టీ దిగిపోతుంది, అప్పుడు బ్లాకులు సులువుగా, తొందరగా తీసేసుకోవచ్చు. దీన్ని టైమ్ వార్ప్ అంటారు. బిట్‌కాయిన్‌లో అంత శక్తి కూడగట్టడం కష్టం, వారాల తరబడి అందరికీ కనిపిస్తూ చేయాలి కూడా. సరిదిద్దడానికి ప్రతిపాదన ఉంది, ప్రయోగాల కోసం నడిపే కొత్త టెస్ట్ నెట్‌వర్క్‌లో ఆ నియమం ఇప్పటికే పెట్టారు.

చిన్న కాయిన్లకు ఆ రక్షణ ఉండదు. 2018 ఏప్రిల్‌లో వర్జ్ అనే కాయిన్ మీద తప్పుడు సమయాలతోనే దాడి చేసి, డిఫికల్టీని పడగొట్టి, క్షణాల తేడాతో బ్లాకులు తీసేశారు.

దాడి చేసేవాడు లేకపోయినా సూత్రం సరిగ్గా లేకపోతే చాలు. 2017లో బిట్‌కాయిన్ నుంచి విడిపోయి మొదలైన బిట్‌కాయిన్ క్యాష్ అనే కాయిన్‌లో, 12 గంటల్లో 6 కంటే తక్కువ బ్లాకులు వస్తే డిఫికల్టీ 20 శాతం తగ్గాలని అత్యవసర నియమం పెట్టుకున్నారు. మైనర్లు ఏం చేశారు? బిట్‌కాయిన్ వైపు వెళ్లిపోయి, డిఫికల్టీ పడేదాకా ఆగి, గుంపుగా తిరిగొచ్చి చవగ్గా తవ్వుకున్నారు. నియమం ఎక్కడా అతిక్రమించలేదు. ఆ నవంబరులోనే సూత్రం మార్చారు, 2020 నవంబరులో మళ్లీ మార్చి, ప్రతి బ్లాక్‌కూ డిఫికల్టీని సరిచేసే ఆసర్ట్ అనే సూత్రం తెచ్చారు. నాకైతే ఈ కథే అన్నిటికంటే ఆసక్తిగా ఉంటుంది, మనుషుల ఆశను కూడా లెక్కలో వేసుకోవాలి కాబట్టి.

ఇక ఉద్యోగం. ఈ పేరుతో ప్రకటన వేసే కంపెనీ మీకు దొరకదు. ఈ పని చేసేవాళ్లు ప్రపంచంలోనే కొద్దిమంది. అయితే ఇందులో పడే శిక్షణ ప్రాబబిలిటీ, గేమ్ థియరీ, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్, సీ ప్లస్ ప్లస్. ఇవి వచ్చినవాడికి క్లౌడ్, పేమెంట్లు, సైబర్ సెక్యూరిటీ కంపెనీల్లో దారులుంటాయి. కాలేజీ ప్లేస్‌మెంట్లు మాత్రం వదలకూడదని గట్టిగా చెప్పండి. పరిశోధన వైపు మనసుంటే గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్లాలి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్రిప్టాలజీ అండ్ సెక్యూరిటీలోనే ఎంటెక్ ఉంది. దగ్గర్లోనే ఏర్పేడులో ఐఐటీ తిరుపతి ఉంది కదా, అక్కడి కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులకు తన పని చూపిస్తూ ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ రాయమనండి. బెంగళూరు కోర్సు ఇప్పుడు అవసరం లేదు, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో బ్లాక్‌చెయిన్, క్రిప్టోగ్రఫీ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి.

చూపించడానికి పని ఉండాలిగా. పైథాన్‌లో ఒక సిమ్యులేటర్, అంటే ఇదంతా కంప్యూటర్‌లో ఉత్తుత్తిగా నడిపి చూసే ప్రోగ్రామ్, రాయమనండి. డిఫికల్టీ మారిన వెంటనే సగం మెషిన్లు ఆగిపోతే తర్వాతి మార్పుకు నాలుగు వారాలు పడుతుంది. పదింట తొమ్మిది ఆగిపోతే? ఒక్కో బ్లాక్‌కు వంద నిమిషాలు, అంటే సుమారు 140 రోజులు. అదే ఆసర్ట్‌తో అయితే ఎలా ఉంటుంది? మైనర్లు సమయం అబద్ధం రాస్తే ఏమవుతుంది? ఇవన్నీ గ్రాఫులుగా గీసి, ప్రోగ్రామర్లు తమ కోడ్ అందరికీ చూపే గిట్‌హబ్ సైట్‌లో పెడితే, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే దానికే విలువ.

బంధువుల మాట పూర్తిగా కొట్టేయకండి. మైనింగ్ ప్లాన్ అని రోజుకింత శాతం ఇస్తామనే ఫోన్ యాప్‌లు మోసమే. ఎవరైనా డబ్బు పెట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మీవాడు కాయిన్లు ఏమైనా కొన్నాడేమో కూడా నెమ్మదిగా అడగండి. లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఒకదాంట్లో పోయిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు.

వాడు ఇంటికొచ్చినప్పుడు, "బ్లాక్ మీద టైమ్ ఎవరు వేస్తారు నాయనా, అబద్ధం వేస్తే ఎట్లా పట్టుకుంటారు?" అని అడగండి. మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పగలిగితే వాడికి వచ్చినట్టే. ధర ఎంత పెరిగిందో చెబుతూ కూర్చుంటే చదువుతున్నది వేరే ఏదో. చెప్పగలిగాడా, పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్ వేయించుకోవడానికి డబ్బివ్వండి. సిమ్యులేటర్‌కు అంతకు మించి మెషిన్ అక్కర్లేదు.