ఆ 15 పాయింట్లు

బుజ్జీ,

బ్రూక్లిన్‌లో డిఫెన్స్ లాయరుగా చేరావనీ, లైంగిక నేరస్తుల రిస్క్ లెవెల్ హియరింగులు నీకు అప్పజెప్పారనీ అన్నయ్య ఫోన్లో చెప్పాడు. మురిసిపోయాను. నిద్ర మాత్రం పట్టలేదు.

మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎంతో అంచనా వేసే బోర్డు వేసిన లెక్క కాగితం ముందే తెప్పించుకో. న్యూయార్క్‌లో 15 అంశాలకి పాయింట్లు వేస్తారు: మొత్తం 70 దాకా లెవెల్ 1, 75 నుంచి 105 దాకా లెవెల్ 2, 110 నుంచి అన్నిటికన్నా ప్రమాదమైన లెవెల్ 3. బోర్డుది సిఫార్సే, తేల్చేది జడ్జి. ప్రతి పాయింటుకీ గట్టి రుజువు చూపాల్సింది ప్రాసిక్యూటరు. లెవెల్ తగ్గించమంటే మాత్రం బోర్డు గైడ్‌లైన్స్ సరిగా లెక్కలోకి తీసుకోని కారణం మనమే చూపాలి, "మంచివాడు" అంటే చాలదు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది నా నిర్వాకం. 2009లో నా క్లయింటుకి 80 పడ్డాయి. అందులో 15 తాగుడుకి. ఆ రాత్రి రెండు బీర్లు తాగానని పోలీసులకు తనే చెప్పాడు. నా ధ్యాసంతా వేరే అంశం మీద. "తాగుడు సంగతి మేం కాదనడం లేదు" అనేశాను. నేను పట్టుబట్టిన అంశంలోనూ ఓడాను. ఇంటికొచ్చి గైడ్‌లైన్స్ తిరగేస్తే, ఎప్పుడైనా నలుగురితో కలిసి తాగడం ఇందులోకి రాదని అచ్చులోనే ఉంది! ఆ 15 తీస్తే 65, లెవెల్ 1. ఇరవై ఏళ్లు లైంగిక నేరస్తుల రిజిస్టర్లో ఉంటే సరిపోయేది, బతుకంతా అయింది. ఫోటో ఇంటర్నెట్‌కెక్కింది. 2013లో పామర్ కేసులో రాష్ట్ర అత్యున్నత కోర్టు, నేరానికి ముందు కాస్త తాగాడన్నంత మాత్రాన ఈ పాయింట్లు వేయకూడదంది. ఆ తీర్పు చదివి వంటింట్లో నేల మీద కూలబడ్డాను. లెవెల్ మార్చమని ఏడాదికోసారి పిటిషన్ పెట్టుకోవచ్చు. అతను రాలేదు. నేనూ వెతకలేదు. ఎందుకని అడగకు.

అతను చేసింది చిన్న నేరం కాదు. వరండాలో బెంచీ మీద చున్నీ అంచు నలుపుతూ కూర్చున్న, అతని చేతిలో బాధపడ్డ పిల్ల తల్లి ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది. నా పొరపాటు వల్ల ఆవిడకి ఒరిగిందేమిటో నాకు తెలియదు.

ఫ్లషింగ్ గుళ్లో ఎవరో ఒకరు "అలాంటివాళ్ల కేసులా అమ్మా?" అని మూతి తిప్పుతారు. నన్ను మా అమ్మే అంది. జవాబు చెప్పలేక క్యాంటీన్‌లో దోసె తింటూ కూర్చున్నాను. నువ్వూ తినేసి వచ్చెయ్, వాదించకు. అసలే బక్కచిక్కి ఉన్నావు.

కాగితం నాకు పంపకు, అది నీ క్లయింటుది. పదకొండో అంశం, అదే తాగుడు, దగ్గర ఏం రాశారో, దానికి ఆధారం ఏ పేజీలో ఉందో రెండుసార్లు చూడు. హియరింగ్ అయ్యాక ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ అత్త