మ్యాపులో ఉంది, నేల మీద లేదు

ప్రశ్న: మాది చిత్తూరు, ఉద్యోగం బెంగళూరులో. ఆదివారం బండేసుకుని హొసకోటె, మాలూరు వైపు పల్లె రోడ్లు తిరుగుతుంటా. పాత సర్వే షీట్‌లో ఉన్న ఒక ఊరు వెతుక్కుంటూ పోతే అక్కడ ఆంజనేయుడి గుడి, చింతచెట్లు, చేలో ఒక బొమ్మల రాయి తప్ప ఏమీ లేవు. ఆ ఊరేమైందో ఎలా తెలుసుకోవాలి సార్?

జవాబు: మీరు చూసింది బేచిరాకు గ్రామం అయ్యుంటుంది, అంటే రెవెన్యూ లెక్కల్లో పేరు, సర్వే నంబర్లు అన్నీ బతికే ఉంటాయి, మనుషులే ఉండరు. దిశాంక్ అని సర్వే నంబర్లు చూపించే కర్ణాటక ప్రభుత్వ యాప్ ఉంది, అది ఆన్ చేసి ఆ చేలో నిలబడండి, మీరున్నది ఏ గ్రామం లెక్కలోనో చూపిస్తుంది, అక్కడే సగం పనైపోతుంది.

ఇక ఆ రాయి. కింద యుద్ధం, మధ్యలో వీరుణ్ణి తీసుకెళ్తున్న అప్సరసలు, పైన శివలింగం ఉంటే అది వీరగల్లు, పోరులో పోయిన వీరుడి రాయి. గాజులతో పైకెత్తిన చెయ్యి ఉంటే మాస్తికల్లు, సతి రాయి. అక్షరాలుంటే మీ పంట పండినట్టే! మైసూరు సీమ శాసనాలు సేకరించిన బి.ఎల్.రైస్ 1905లోనే బెంగళూరు, కోలారు జిల్లాల శాసనాలు ఎపిగ్రాఫియా కర్ణాటికా 9, 10 సంపుటాల్లో తాలూకాల వారీగా వేశాడు, ఆ స్కాన్లు నెట్‌లో ఫ్రీ. మీరు వెతికే ఊరి పేరు అందులో ఉందేమో చూడండి. అసలు బెంగళూరు పేరున్న పాత శాసనం కూడా అలాంటి వీరుడి రాయే, బెంగళూరులోనే బేగూరు గుళ్లో ఉంది, సుమారు క్రీ.శ. 890 నాటిది.

ఊరు ఎందుకు ఖాళీ అయిందనేది మాత్రం రాయి చెప్పదు. 1876-78 కరువులో మైసూరు సీమ జనంలో దాదాపు ఐదో వంతు పోయారు, తర్వాత 1898లో ప్లేగు, ఒక్కోచోట చెరువు కట్ట తెగిపోయి ఊరే లేచిపోవడం కూడా ఉంది. దీనికి పక్క ఊరి ముసలాళ్లే దిక్కు. వాళ్లని చరిత్ర అని అడక్కండి, మీ మొహం చూసి తల ఊపేస్తారు, పాటిమన్ను ఎక్కడ తోలుకునేవారు అని అడగండి, పాత ఊరి దిబ్బ మన్ను చేలకి ఎరువుగా తోలడం ఆ తరం రైతులకి బాగా గుర్తుంటుంది, నేరుగా అక్కడికే తీసుకెళ్తారు. ఆ దిబ్బ మీద కుండపెంకులు కనిపిస్తే ఇళ్లు అక్కడే.

ఒక్కటి జాగ్రత్త. ఆ వైపు మ్యాపు పట్టుకు తిరిగేవాడు రియల్ ఎస్టేట్ బ్రోకరో, నిధి తవ్వేవాడో అనుకుంటారు (తప్పు వాళ్లది కాదులెండి). ముందు పొలం రైతుని కలవండి, రాయిని కదపొద్దు, అక్షరాల మీద సుద్ద రాయొద్దు, సాయంత్రం ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే అరిగిన అక్షరం కూడా తేలుతుంది.