రాజులు ప్రభువులకు పన్ను మినహాయింపులు, ప్రత్యేక హక్కులు ఎందుకు రాసిచ్చేవారు? నష్టం రాజుకే కదా, తర్వాత రద్దు చేసుకోవచ్చుగా?

ఇష్టమై ఇచ్చినవి తక్కువ, పీకల మీదికి వచ్చి ఇచ్చినవే ఎక్కువ. ఈ ప్రశ్నకు సాధారణంగా ఇంగ్లండ్ మాగ్నా కార్టా (1215) గురించో, హంగరీ గోల్డెన్ బుల్ (1222) గురించో చెబుతారు, రెండూ రాజులు ప్రభువులకు రాసిచ్చిన హక్కుల పత్రాలే. నేను పోలండ్ సంగతి చెబుతాను. ఉద్యోగరీత్యా క్రాకోవ్‌లో ఉన్నప్పుడు శని, ఆదివారాలు చాలావరకు అక్కడి పాత రాజుల వావెల్ కోట చుట్టూ తిరగడంతోనే గడిచిపోయేవి. పైగా అక్కడ ఒక పత్రంతో వ్యవహారం ఆగలేదు. నూటముప్పై ఏళ్ళ పాటు రాజు తర్వాత రాజు రాసిస్తూనే పోయారు.

మొదలైంది వారసుడు లేకపోవడంతో. కజిమీర్ మహారాజు 1370లో చనిపోయాడు. సింహాసనం ఎక్కడానికి కొడుకులు లేరు. మేనల్లుడు, హంగరీ రాజు లూయీ వచ్చి పోలండ్ కిరీటం కూడా పెట్టుకున్నాడు. ఆయనకూ కొడుకులు లేరు, ముగ్గురు కూతుళ్ళు. పోలండ్‌లో ఆడపిల్ల సింహాసనం ఎక్కే ఆచారం లేదు. ప్రభువులు ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. అందుకని 1374 సెప్టెంబర్‌లో కొషిత్సె ఊళ్ళో (ఇప్పుడది స్లొవేకియాలో ఉంది) బేరం కుదిరింది. నా కూతుళ్ళలో ఒకరిని మీరు ఒప్పుకోండి, మీ భూముల మీద పన్ను నేను తగ్గిస్తాను అన్నాడు లూయీ.

తగ్గింపు మామూలుగా లేదు. 'వాన్' అనే ఒక భూమి కొలతకు, అంటే రకాన్ని బట్టి మన లెక్కలో సుమారు 40 నుంచి 60 ఎకరాలకు, అంతకుముందు 12 గ్రోషుల (అప్పటి వెండి నాణేలు) దాకా వసూలయ్యేది. దాన్ని 2 గ్రోషులు చేసి, అంతకు మించి ఏం కావాలన్నా మీ అనుమతి అడుగుతానని రాసిచ్చాడు. సరిహద్దు దాటి యుద్ధానికి తీసుకెళ్తే ఖర్చు, నష్టం తానే భరిస్తానన్నాడు. ఏ ప్రాంతంలో పదవి ఆ ప్రాంతం వాళ్ళకే అన్నాడు. స్వదేశం మీదికి ఎవరైనా దండెత్తి వస్తే మాత్రం ప్రభువులు సొంత ఖర్చుతో పోరాడాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ పన్ను కట్టేది దొర కాదు, దొర భూమిలో ఉన్న రైతు. రాజుకు పది గ్రోషులు తగ్గాయంటే అవి రైతు జేబులోనే ఉండిపోయాయని కాదు. రాజు వదులుకున్న చోట వసూలు చేసుకునే వీలు దొరకు దొరికింది. ఎవరికి నష్టం అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే మొదలవుతుంది.

ఆ బేరం ఫలితమే యద్విగా. లూయీ చనిపోయాక బతికున్న ఇద్దరిలో పెద్దదైన మరియాకు హంగరీ దక్కింది. చిన్నమ్మాయి యద్విగాకు 1384లో, పదేళ్ళు నిండీ నిండని వయసులో, వావెల్‌లో పట్టాభిషేకం చేశారు. రాణి అని కాదు, 'రాజు' అనే బిరుదుతో! గణపతిదేవుడు కొడుకులు లేక కూతురిని రుద్రదేవ మహారాజు పేరుతో గద్దె ఎక్కించడం చదువుకున్న మనకు ఇది కొత్తగా అనిపించదు. మా ఆఫీసులో పోలిష్ వాళ్ళకు రుద్రమదేవి గురించి చెబితే నోరు తెరుచుకుని విన్నారు. వావెల్ చర్చిలో యద్విగా పాలరాతి సమాధి ఉంది. ఆమెతో పాటు పూడ్చిన రాజచిహ్నాలు, అంటే రాజదండం, గోళం కూడా అక్కడే చూపిస్తారు. దగ్గరికి వెళ్ళి చూస్తే అవి చెక్కవి, పైన బంగారు పూత. ఒంటిమీద నగలన్నీ క్రాకోవ్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చిందట, అందుకే చెక్కవి పెట్టారని చెబుతారు.

యద్విగాను పెళ్ళి చేసుకుని లిథువేనియా నుంచి వచ్చిన యగెవో రాజయ్యాడు. 1399లో ఆమె చనిపోయింది, పిల్లలు మిగల్లేదు. అరవై దాటాక నాలుగో భార్యకు ఆయనకు కొడుకు పుట్టాడు, 1424లో. తండ్రి కుర్చీ కొడుక్కి రావాలంటే అడ్డేముంది అనుకుంటాం. కానీ యగెవోకు సింహాసనం వచ్చింది భార్య వల్ల. వేరే భార్యకు పుట్టిన కొడుక్కి ఆ రక్తసంబంధం లేదు. మళ్ళీ ప్రభువుల కాళ్ళావేళ్ళా పడాల్సి వచ్చింది. వాళ్ళు షరతులు పెట్టి, మీ అబ్బాయిని ఒప్పుకుంటాం అని 1425లో పత్రం రాసి క్రాకోవ్ బిషప్ ఒలెష్నిట్స్కీ దగ్గర ఉంచారు. షరతులు చూసి యగెవో వెనకాడాడు. మరుసటి ఏడాది వెంచిత్స సభలో ఏమైందో తెలుసా? ద్వుగోష్ అనే ఆ శతాబ్దపు చరిత్రకారుడు రాసినదాని ప్రకారం, రాజు ఎదుటే ప్రభువులు కత్తులు దూసి ఆ పత్రాన్ని ముక్కలు ముక్కలు చేసేశారు. రాజు ఏం చేయగలిగాడు? 1430లో యెద్ల్న్యాలో, 1433లో క్రాకోవ్‌లో వాళ్ళు అడిగింది ఇచ్చాడు.

వాళ్ళు అడిగింది డబ్బు కాదు. 'న్యాయస్థానంలో నేరం రుజువు కాకుండా ఎవరినీ ఖైదు చేయను' అనే హామీ. లాటిన్‌లో ఉన్న ఆ మాటను, 'నేమినెమ్ కాప్తివాబిముస్' అని, ఇప్పటికీ పోలండ్‌లో స్కూలు పిల్లలు బట్టీ పడతారు. కోర్టు తీర్పు లేకుండా ఆస్తి జప్తు చేయకూడదన్నది అంతకుముందే, 1422లో, యుద్ధానికి పోగైన ప్రభువులు చెర్విన్స్క్‌లో రాయించుకున్నారు. అక్రమ నిర్బంధాన్ని అడ్డుకునే ఇంగ్లండ్ హెబియస్ కార్పస్ చట్టం 1679లో వచ్చింది కాబట్టి మేమే ముందు అని అక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. నాకైతే ఆ పోలిక కొంచెం అతి అనిపిస్తుంది. ఈ హామీ భూమి ఉన్న ప్రభువులకే. హత్య, గృహదహనం, మానభంగం, దోపిడీ చేస్తూ పట్టుబడ్డవాడికి వర్తించదు, అది న్యాయమే. రైతుకు అసలే వర్తించదు.

తర్వాత ట్యుటానిక్ యోధులతో (ప్రష్యాను ఏలుతున్న జర్మన్ క్రైస్తవ యోధుల సంఘం) యుద్ధం వచ్చింది, 1454లో. సైన్యం అంటే ప్రభువులే. గుర్రాలెక్కి వచ్చారు గానీ, త్సెరెక్విత్స శిబిరంలో కూర్చుని మా హక్కులు రాసిస్తేనే కదులుతాం అన్నారు. అప్పటి రాజు నాలుగో కజిమీర్ రాసిచ్చాడు. ఆ వెంటనే హోయ్నిత్సె దగ్గర చిత్తుగా ఓడిపోయారు. ఓడినా హక్కులు పోలేదు సరికదా, ఆ నవంబర్‌లో న్యెషావాలో మిగతా ప్రాంతాల వాళ్ళకూ అవే ఇవ్వాల్సి వచ్చింది: స్థానిక సభలను అడక్కుండా సైన్యాన్ని పిలవకూడదు, కొత్త పన్ను వేయకూడదు.

మన దగ్గర కూడా అగ్రహారాలు, ఈనాములు, నాయంకరాలు ఉన్నాయి కదా అని మీరు అనవచ్చు. ఉన్నాయి, కానీ పద్ధతి వేరు. మన రాగిరేకు మీద ఫలానా గోత్రం ఫలానా వారికి, ఫలానా ఊరు, ఈ ఎల్లల మధ్య అని ఉంటుంది. పోలండ్ పత్రం ప్రభువులందరికీ కలిపి ఒకేసారి ఇచ్చింది. ఒకడి మీద కోపం వస్తే ఒకడి ఈనాము లాక్కోవచ్చు, అందరి హక్కూ ఎలా లాక్కుంటాడు? రాజు తన చేతులు తానే కట్టేసుకున్న శాసనం మన వైపు ఏదైనా ఉందా అంటే నాకు గుర్తొచ్చేది గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనం (1244). ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఇకపై జప్తు చేయం, సుంకం మాత్రమే తీసుకుంటాం అన్నాడు. అది కూడా వర్తకులకు, దొరలకు కాదు.

'అందరికీ' అన్నాను కదా, ఆ అందరూ చాలామంది. పోలండ్ జనాభాలో పది శాతానికి దగ్గరగా ఈ వర్గమే, మాజోవ్షె వైపు ఇంకా ఎక్కువ. మా టీమ్‌లో ఒకతను వంశచిహ్నం చెక్కిన ఉంగరం పెట్టుకుని వచ్చేవాడు. మీ తాతలకు ఎన్ని ఊళ్ళుండేవి అని అడిగాను. నవ్వేసి, ఊళ్ళు కాదు, చిన్న కమతం, నాగలి వాళ్ళే పట్టుకునేవారు అన్నాడు. అయినా కాగితం మీద ఆ కమతం వాడికీ, వందల ఊళ్ళున్న వాడికీ హక్కు ఒకటే. 1921 రాజ్యాంగంతో బిరుదులకు, వంశచిహ్నాలకు గుర్తింపు పోయింది. ఉంగరాలు మాత్రం పోలేదు.

అసలు దెబ్బ 1496లో పడింది. యాన్ ఓల్బ్రాహ్త్ రాజు ప్యోత్ర్కూఫ్‌లో ఇచ్చిన పత్రంలో దొర తన భూమిలో పండించింది అమ్ముకున్నా, సొంతానికి సరుకు తెప్పించుకున్నా సుంకం లేదు. పట్నంలో వర్తకుడు పల్లెలో భూమి కొనకూడదు. ఊరి నుంచి ఏడాదికి ఒక్క రైతే వెళ్ళిపోవచ్చు. ఈ మూడూ కలిపి చూడండి. సుంకం లేని ధాన్యం, పోటీకి రాని వర్తకుడు, కదల్లేని కూలీ. విస్తులా నది ఒడ్డున కజిమియెజ్ దోల్నీ అనే ఊరికి వెళ్తే పాత రాతి ధాన్యాగారాలు ఇంకా నిలబడి ఉన్నాయి, కోటల్లాంటి గోడలతో. ధాన్యం అక్కడి నుంచి పడవల్లో గ్దాన్స్క్ రేవుకు, అక్కడి నుంచి పశ్చిమ ఐరోపాకు వెళ్ళేది. 1520 వచ్చేసరికి ఒక్కో వాన్‌కు వారానికి ఒకరోజు వెట్టి చట్టమైపోయింది, ఆ తర్వాత రోజులు పెరిగాయి. కాబట్టి నష్టం రాజుకే అన్న మాటతో నేను ఏకీభవించను.

ఇక రద్దు సంగతి. ప్రతి కొత్త రాజూ పాత పత్రాలన్నిటినీ ధ్రువీకరించాలి, లేకపోతే అసలుకే మోసం. 1505లో రాడొమ్‌లో సభల సమ్మతి లేకుండా కొత్త చట్టమే చేయకూడదని కూడా రాయించుకున్నారు. 1573లో ఫ్రాన్స్ రాకుమారుడు హెన్రీని రాజుగా ఎన్నుకున్నప్పుడైతే, మాట తప్పితే నీకు విధేయులుగా ఉండక్కర్లేదు అని షరతుల్లోనే పెట్టారు. అతను కొన్ని నెలలే ఉన్నాడు. 1574 జూన్‌లో ఫ్రాన్స్‌లో అన్న చనిపోయాడని తెలియగానే, అక్కడి కిరీటం కోసం రాత్రికి రాత్రే వావెల్ నుంచి పారిపోయాడు. షరతులు మాత్రం ఎక్కడికీ పోలేదు. 1576లో వచ్చిన స్టీఫెన్ బాతోరీ కూడా వాటికి ఒప్పుకున్నాకే కిరీటం పెట్టించుకున్నాడు.