మెత్తటి చేతితో వాపు దించుడు

హన్మకొండ

బిడ్డా,

మీ అమ్మ చేతి ఫోటోలు చూసిన. ఎడమ చెయ్యి మోచేతి కింది నుంచి వేళ్ల దాక నిండుగ ఉన్నది, గాజులు తీసిన కాడ గీత లోతుగ పడ్డది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌ల సంకలున్న బిళ్లలు (లింఫు నోడ్లు) తీసి, ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టినోళ్లల్ల కొందరికి ఈ వాపు వస్తది, దీన్ని లింఫెడిమా అంటరు. కొందరికి నెలలల్లనే, కొందరికి ఏండ్లు గడిచినంక. దీన్ని మొత్తం మాయం చేసే గోళీ లేదు గని, రోజూ పట్టుబట్టి చేస్తే మంచిగ దిగుతది, దిగినంక అట్లనే నిలుపుకోవచ్చు.

కొబ్బరినూనె రాసి కింది నుంచి మీదికి గట్టిగ పిసుకుతున్న అన్నవు. అది ఇయ్యాల్నే ఆపు. ఎందుకో చెప్త. తోలు కిందనే, కండకు పైన, కంటికి కనవడని నాళాలు వల లెక్క పరిచి ఉంటయి. రక్తనాళాల నుంచి ఊరిన నీరును, ప్రొటీన్లను ఏరుకొని పోయేది అవే. ఆ నీరునే లింఫు అంటరు. నాళాల మూతులు సన్నటి దారాలతోటి చుట్టుపక్కల పొరకు అంటుకొని ఉంటయి. తోలు కొద్దిగ సాగితే దారం గుంజుకొని మూతి తెరుచుకుంటది, నీరు లోపలికి పోతది. వదిలితే మూసుకుంటది. గట్టిగ నొక్కితే నాళం అణిగిపోతది. పైగ, రుద్దిన కాడికి రక్తం ఎక్కువ వచ్చి తోలు ఎర్రబడ్తది, ఆ రక్తం నుంచి ఇంకింత నీరు ఊరుతది. పిసికిన గంటకు చెయ్యి ఇంకా బరువైతుందని మీ అమ్మ అంటున్నది అందుకే. ఇగ నూనె ఉంటే వేళ్లు జారుతయి తప్ప తోలు సాగదు. పొడి చేతితోటే చెయ్యాలె.

మొదలుపెట్టే ముందు ఆపరేషన్ చేసిన డాక్టరుకు చెయ్యి ఒకసారి చూపించు. ఇది అడ్డం పెట్టే మాట కాదు. వాపు రెండు మూడు రోజులల్లనే ఒక్కసారి వచ్చినా, నొప్పి ఉన్నా, తోలు నీలంగ మారినా లోపల రక్తం గడ్డ కట్టిందేమో డాప్లర్ స్కానింగ్‌తోటి చూస్తరు. గడ్డ ఉంటే చెయ్యి పెట్టొద్దు. జబ్బు మల్ల తలెత్తలేదని కూడ వాళ్లే చెప్పాలె. గుండె బలహీనంగ ఉన్నోళ్లకు, కిడ్నీలు సరిగ పనిచెయ్యనోళ్లకు ఈ నీరంతా ఒక్కసారి రక్తంలకు మళ్లిస్తే కష్టం అయితది, అందుకే ఆ సంగతి కూడ అడుగు. కరెంటు పెట్టిన కాడ తోలు ఎర్రగ, పొక్కులు లేసి ఉంటే మానే దాక అక్కడ ముట్టుకోవద్దు.

ఇగ నీ చెయ్యి ఎంత బరువు వెయ్యాల్నో ఆ సంగతి. పాల మీది మీగడను చినగకుండ వేలితోటి పక్కకు జరిపి చూడు. అంత చాలు. తోలు మాత్రం కదలాలె, కింది కండ చేతికి తగలొద్దు. వేళ్ల కొనలు కాదు, వేళ్లను పరిచి పెట్టాలె. తోలును పోవాల్సిన దిక్కు మెల్లగ సాగదీసి, పూర్తిగ వదులు. వదిలినప్పుడు తోలే వెనక్కి వస్తది, నువ్వు నెట్టకు. ఒకచోట 5 నుంచి 7 సార్లు, ఆ తర్వాత అరచెయ్యంత పక్కకు జరుపు. తొందర పనికిరాదు. లింఫు నాళాలు తమంతట తామే ముడుచుకుంటయి గని, ఊరికె ఉన్నప్పుడు నిమిషానికి 10 సార్లకు మించవు. చేసినంక తోలు ఎర్రగ కనవడ్డదంటే నీ చెయ్యి బరువు పడ్డదనే లెక్క.

చాలామంది వాపు ఉన్న కాణ్నే మొదలుపెడ్తరు. అక్కడనే చెడిపోతది. ఎనుమాముల మార్కెట్ గేటు ముందు పత్తి బండ్ల లైను చూసినవు గద. గేటు కాడి బండి లోపలికి పోతేనే వెనుక బండి కదులుతది. ఎనుకనుంచి ఎంత నెట్టినా ఏం లాభం లేదు. మన ఒంట్ల ఆ గేటు మెడ కింద, కాలర్ బొక్క వెనుక ఉంటది. ఒంట్లున్న లింఫు అంతా అక్కడనే రక్తంల కలుస్తది. కాబట్టి ముందు గేటు, తర్వాత దారి, చివరికి చెయ్యి.

మీ అమ్మను వెల్లకిల పండుకోబెట్టి, మోకాళ్ల కింద ఒక మెత్త, ఎడమ చేతి కింద ఒక మెత్త పెట్టు. చెయ్యి గుండె కంటె కొద్దిగ ఎత్తుగ ఉండాలె. నీ గోర్లు తీసి ఉండాలె, ఉంగరాలు ఒద్దు, చేతులు వెచ్చగ ఉండాలె. పొట్ట మీద చెయ్యి పెట్టుకొని 5 సార్లు నిదానంగ లోతుగ ఊపిరి తీసుకొమ్మను. ఊపిరి తీసినప్పుడల్లా కడుపు లోపలి పెద్ద లింఫు గొట్టం పిండినట్టయి నీరు పైకి లేస్తది. ఉత్త ఊపిరే కదా అని ఈ పని వదిలిపెట్టకు.

తర్వాత రెండు కాలర్ బొక్కల పైన ఉన్న గుంటలల్ల వేళ్లు పరిచి, తోలును మెడ మొదటి దిక్కు 10 సార్లు సాగదీసి వదులు. మెడ పక్కల, గొంతు కాడ మాత్రం ముట్టుకోకు. అక్కడ నాడి కొట్టుకునే రక్తనాళం ఉన్నది, దాన్ని నొక్కితే కండ్లు తిరుగుతయి. గుంటలు చాలు. ఆ తర్వాత మంచిగున్న కుడి సంకల 10 సార్లు, ఎడమ గజ్జల 10 సార్లు. ఎడమ చెయ్యి నీరు పోయే మామూలు దారి ఎడమ సంక. అక్కడి బిళ్లలు తీసేసిండ్రు గనుక ఇప్పుడు ఈ రెండే దిక్కు.

అయితే ఛాతీ నడుమ పొలం గట్టు లెక్క ఒక గీత ఉన్నదనుకో. ఎడమ మడి నీరు మామూలుగ ఎడమకే పోతది, కుడికి రాదు. దాన్ని మనం గట్టు దాటియ్యాలె. కుడి సంక పక్కన మొదలుపెట్టి, తోలును కుడి సంక దిక్కు సాగదీసుకుంట ఛాతీ పై భాగంల మెల్లగ ఎడమకు రా. చెయ్యి జరిగేది ఎడమకు, తోలు సాగేది ఎప్పుడూ కుడికి. ఈ రెండు కలిపేసుకొని తికమక పడ్తరు, జర చూసుకో. ఆపరేషన్ మచ్చ మీద కాకుండ దానికి పైన చెయ్యి. అట్లనే ఎడమ గజ్జ కాడ మొదలై, నడుము పక్క నుంచి ఎడమ సంక కింది దాక రా. ఇక్కడ తోలు సాగేది గజ్జ దిక్కు. ఇంత అయినంక కుడి పక్కకు ఒరిగిపిచ్చి, వీపు మీద కూడ అట్లనే, తోలును ఎడమ భుజం నుంచి కుడి భుజం దిక్కు సాగదీసుకుంట చెయ్యాలె. ఇక్కడి దాక చేతి వాపును ముట్టుకోనే లేదు. సగం టైం దీనికే పోవాలె. 

ఇప్పుడు చెయ్యి. మొదలు భుజం, తర్వాత జబ్బ. జబ్బ లోపలి దిక్కున్న నీరును బయటి దిక్కుకు తెచ్చి, భుజం మీదికెళ్లి పైకి పంపాలె. బిళ్లలు తీసేసిన సంక దిక్కు పంపితే అక్కడనే నిలుస్తది. జబ్బ మెత్తబడ్డంక మోచెయ్యి, దాని మడతల 5 సార్లు. ఆ తర్వాత ముంజెయ్యి, మణికట్టు, చేతి మీది భాగం, చివరికి ఒక్కొక్క వేలు. ఏ ముక్క చేసినా తోలు సాగేది భుజం దిక్కే. వేళ్ల కాడికి పోయినంక, వచ్చిన దారిలనే భుజం దాక ఒక సుట్టు తిరిగి రా. మల్ల కాలర్ బొక్క గుంటలల్ల 10 సార్లు చేసి ముగించు. అంతా 40 నుంచి 45 నిమిషాలు పడ్తది. ఆ తర్వాత మూత్రం ఎక్కువ వచ్చిందంటే కంగారు పడకు, మంచిదే.

చేతితోటి లింఫు దించే ఈ పద్ధతిని డెన్మార్క్ నుంచి ఫ్రాన్స్‌కు పోయిన ఎమిల్ వోడర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ 1930లల్ల తయారుచేసిండ్రు. 1936ల పారిస్‌ల అందరి ముందటికి తెచ్చిండ్రు. తర్వాత జర్మనీల డాక్టర్ మైఖేల్ ఫోల్డి దీనికి బ్యాండేజీ కట్టు, కసరత్తు, తోలు జాగ్రత్త కలిపి ఒక వైద్యం చేసిండు. ఆ కలపుడే అసలు సంగతి. చేతితోటి దింపిన నీరు కట్టు లేకుంటే తెల్లారేసరికి మల్ల వచ్చి కూసుంటది. వాపు దిగుట్ల పెద్ద భాగం కట్టుదే, చేతి పని దానికి తోడు. నువ్వు ఒకటే చేసే ఓపిక ఉంటే కట్టే కట్టు.

మందుల దుకాణంల అడిగితే సాగే క్రేప్ బ్యాండేజీ ఇస్తరు. అది ఈ పనికి రాదు. అది పండుకున్నప్పుడు కూడ గుంజి పడ్తది, పని చేసేటప్పుడు కండతోటి సాగిపోతది. మనకు కావలసింది తక్కువ సాగే బ్యాండేజీ, "షార్ట్ స్ట్రెచ్" అని అడుగు. కండ ఉబ్బినప్పుడు అది గోడ లెక్క నిలవడ్తది, ఆ నడుమ నీరు పైకి పోతది. కింద నూలు గొట్టం తొడిగి, వేళ్లకు పల్చటి గాజ్ బ్యాండేజీ చుట్టి, మీద దూది పొర పరిచి, అప్పుడు బ్యాండేజీ. అరచేతి కాడ 6 సెంటీమీటర్లది, ముంజేతికి 8, జబ్బకు 10. గుంజుడు అంతటా ఒక్క తీరుగనే ఉండాలె. కింద సుట్లు ఎక్కువ, పైకి పోయినకొద్ది తక్కువ, అప్పుడే ఒత్తిడి కింది నుంచి పైకి తగ్గుతది. మణికట్టు లెక్క సన్నగ ఉన్న కాడ అదే గుంజుడు ఎక్కువ ఒత్తుతది, అందుకని అక్కడ, మోచేతి మడతల దూది ఇంకింత పెట్టు. మొదటి కట్టు మాత్రం ఫిజియోథెరపిస్టు ముందట కూసొని నేర్చుకో. రాత ద్వారా నేర్పే పని కాదు అది. వేళ్ల కొనలు నీలంగ అయినా, తిమ్మిరెక్కినా, చల్లబడ్డా వెంటనే విప్పెయ్యి.

మొదటి 2 నుంచి 4 వారాలు కట్టు పగలు రాత్రి ఉండాలె. స్నానానికి, చేతితోటి లింఫు దించేటప్పుడు మాత్రమే విప్పుడు. వాపు ఇక దిగుడు ఆగినంక కొలతలు ఇచ్చి స్లీవ్ (చేతికి తొడిగే బిగుతు తొడుగు) తీసుకోవాలె. వాపు ఉండంగనే స్లీవ్ కొంటే ఆ పెద్ద సైజే ఉంటది, పైసలు దండగ. స్లీవ్ పొద్దున తొడిగి రాత్రి విప్పాలె. రెండు ఉంచుకొని ఒకటి విడిచి ఒకటి ఉతకాలె, 6 నెలలకు సాగిపోతయి గనుక మార్చాలె. మన ఎండకాలంల స్లీవ్ అంటేనే విసుగు, ఉక్కకు తీసి మూల పడేస్తరు. సరిగ్గ ఆ నెలలల్లనే వాపు ఎక్కువ అయితది, వేడికి రక్తనాళాలు విప్పారి నీరు ఎక్కువ ఊరుతది. ఆ రెండు నెలలు మీ అమ్మకు నువ్వు దగ్గరుండి తొడగాలె.

కట్టు ఉన్నప్పుడే కసరత్తు. పిడికిలి మూసి తెరుచుడు 10 సార్లు, మోచెయ్యి మడిచి చాపుడు 10 సార్లు, భుజం తిప్పుడు 10 సార్లు, రోజుకు రెండు పూటలు. చెయ్యి కదిలిస్తే వాపు పెరుగుతదని కొందరు చేతిని ఊరికే ఒళ్లో పెట్టుకుంటరు, అది తప్పు. నీళ్లు తాగుడు తగ్గిస్తే వాపు తగ్గుతదనేది కూడ తప్పే. మూత్రం ఎక్కువ పోయించే గోళీలు ఈ వాపుకు పనిచెయ్యవు, ప్రొటీన్ అక్కడనే మిగిలి నీరును మల్ల గుంజుతది.

తోలు జాగ్రత్త గురించి గట్టిగ చెప్తున్న. ఆ చేతిల లింఫు నిలిచి ఉంటది, చిన్న గీత పడ్డా సూక్ష్మక్రిములు చేరి పాకుతయి. పత్తి ఏరేటప్పుడు ఎండిన కాయ మొనలు చేతికి గీరుతయి, మిరపకాయ కోసినా, బతుకమ్మకు గునుగు పూలు తెచ్చినా అంతే. చేతి తొడుగు లేకుండ చేన్లకు పంపకు. గాజులు ఆ చేతికి ఒద్దు, మట్టి గాజు పగిలి గుచ్చుకున్నా కష్టమే. బీపీ చూసుడు, సూదులు, రక్తం తీసుడు కుడి చేతికి చెయ్యమను, ఇంకో చెయ్యి ఉండంగ దీనికెందుకు. బిందె, బియ్యం సంచి కుడితోటే. రోజూ సబ్బుతోటి కడిగి, వేళ్ల సందులు తడి లేకుండ అద్ది, రాత్రి మాయిశ్చరైజర్ రాయి.

చెయ్యి ఎర్రబడి, వేడిగ అయి, చలి జ్వరం వచ్చిందంటే అదే రోజు దవాఖానకు తీసుకపో. కట్టు విప్పెయ్యి, చేతితోటి లింఫు దించుడు ఆపెయ్యి. యాంటీబయాటిక్ కోర్సు పూర్తయి, డాక్టరు సరే అన్నంకనే మల్ల మొదలు. రాత్రి చూసి పొద్దున పోదాం అనుకోకు.

వాడకట్టోళ్లు చూసి బోదకాలుకు కూడ చెయ్యమని నిన్ను అడుగుతరు, వరంగల్, కరీంనగర్ దిక్కు ఆ జబ్బు పాతదే. వాళ్లకు ముందు చెప్పాల్సింది మర్దన కాదు. పొద్దున, రాత్రి సబ్బు నీళ్లతోటి కాలు కడిగి, వేళ్ల సందులు, మడతలు బట్టతోటి అద్ది ఆరబెట్టాలె. పుండు, పాచి ఉంటే మందు రాయాలె. కూసున్నప్పుడు కాలు ఎత్తి పెట్టాలె, చెప్పులు లేకుండ నడవొద్దు. చలి జ్వరాలు తగ్గుతయి, అవి తగ్గితే కాలు పెరుగుడు కూడ నిమ్మలిస్తది. పీహెచ్‌సీల పేరు రాయిస్తే సర్కారు పింఛన్ల బోదకాలోళ్లకు కూడ చోటు ఉన్నది.

ఒక నోట్‌బుక్ పెట్టు. రెండు చేతుల కొలతలు పొద్దున అదే టైంకు టేపుతోటి తీయి. మణికట్టు కాడ, దానికి 10, 20, 30 సెంటీమీటర్ల పైన. టేపు గుంజకుండ, తోలుకు ఆనిచ్చి చూడు. ఒక్క కాడనైనా రెండు చేతులకు 2 సెంటీమీటర్లు తేడా ఉంటే దాన్ని వాపు కిందనే లెక్కేసుకో. మొదటి రోజు కొలతలు కట్టు కట్టకముందే రాసిపెట్టు. మర్చిపోతే తర్వాత ఎంత దిగిందో చెప్పలేం. ప్రతి ఆదివారం ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌ల పంపు. మూడు వారాలైనా కొలత ఏమాత్రం తగ్గకుంటే కట్టు ఎట్ల కడుతున్నవో వీడియో పెట్టు, చాలావరకు అక్కడనే తేడా ఉంటది.

మీ పెద్దమ్మ