వాషింగ్టన్‌లో పాలసీ లాయరుగా చేరబోతున్న అమ్మాయికి

బంగారుతల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

కోర్టు ప్రాక్టీసు వద్దనుకుని వాషింగ్టన్‌లో పబ్లిక్ పాలసీ లాయరుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. "లాబీయిస్టా?" అని చుట్టాలు ముఖం చిట్లిస్తే పట్టించుకోకు. ప్రభుత్వానికి గోడు చెప్పుకునే హక్కు అమెరికా రాజ్యాంగం మొదటి సవరణలోనే ఉంది. ఆ గోడును చట్టం మాటల్లో రాసి, వినాల్సినవాళ్ళకి సమయానికి అందించడమే నీ పని.

మామూలు సంగతులు గబగబా చెప్పేస్తాను. కాంగ్రెస్ సభ్యుడి కంటే ముందు, అతని ఆఫీసులో ఆ విషయం చూసే ఉద్యోగిని, అంటే స్టాఫరును కలువు. ఒక్క పేజీ చాలు: ఏ సెక్షన్లో ఏ మాట మారాలి, దానివల్ల ఆ సభ్యుడి నియోజకవర్గంలో ఎవరికి ఏం తేడా. ఎదుటి పక్షం వాదన కూడా నువ్వే చెప్పెయ్. అది రేపు ఇంకొకరి నోట వింటే ఆ స్టాఫరు మళ్ళీ నీ ఫోను ఎత్తడు. అమెరికా ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది కదా అని సెప్టెంబరులో నిధులు అడగబోకు. ఆ విన్నపాలు తీసుకునే గడువులు ఎక్కువగా వసంతంలోనే అయిపోతాయి. బిల్లు పాసయ్యాక ఫెడరల్ రిజిస్టరు మీద, అంటే అక్కడి ప్రభుత్వ గెజెట్ మీద, కన్నేసి ఉంచు. ముసాయిదా నిబంధన వస్తే అభిప్రాయాలకి సాధారణంగా 30 నుంచి 60 రోజులే ఇస్తారు. 2024లో సుప్రీంకోర్టు షెవ్రాన్ సూత్రాన్ని కొట్టేసింది. చట్టంలో మాట అస్పష్టంగా ఉంటే ఏజెన్సీ చెప్పిన అర్థానికే కోర్టులు ఒప్పుకోవాలన్న నియమం పోయింది. అందుకని తర్వాత నిబంధనల్లో సర్దుకుందాంలే అని బిల్లులో మసక మాట వదిలెయ్యకు.

నా భయమంతా ఒక్క పాత తప్పు గురించే. "నేను లాయర్ని, సలహా ఇస్తున్నానంతే, నాకు లాబీయిస్టుగా రిజిస్ట్రేషన్ ఎందుకు?" అనుకోవడం. తెలివైన పిల్లలే దీంట్లో పడతారు.

1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం నీ పట్టా చూడదు, నువ్వు చేసిన పని చూస్తుంది. ఒక క్లయింటు తరఫున ఒకటికి మించి లాబీయింగ్ సంప్రదింపులు (సభ్యులతోనో, స్టాఫర్లతోనో, పై అధికారులతోనో మాట్లాడటం, రాయడం) జరిపి, మూడు నెలల్లో ఆ క్లయింటుకి పెట్టిన సమయంలో అయిదో వంతు లాబీయింగ్ పనికే పోయిందా, నువ్వు లాబీయిస్టువే. ఆ అయిదో వంతును నీ మొత్తం పని గంటల మీద కాదమ్మా లెక్కగట్టేది, ఆ ఒక్క క్లయింటు గంటల మీద. పైగా సమావేశం కోసం చేసిన పరిశోధన, నోట్సు, వ్యూహం అన్నీ లాబీయింగ్ గంటలే. "పది నిమిషాలేగా మాట్లాడాను" అన్నవాళ్ళంతా ఇక్కడే దొరికిపోయారు. కమిటీ ముందు సాక్ష్యం, నిబంధనల ఫైల్లో బహిరంగంగా పెట్టే అభిప్రాయం మాత్రం ఆ సంప్రదింపుల కిందికి రావు.

రిజిస్ట్రేషన్‌కి 45 రోజుల గడువు. ఆ తర్వాత మూడు నెలలకోసారి నివేదిక: ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరి 20వ తేదీల్లోపు. అది సంస్థ పంపుతుంది. జులై 30, జనవరి 30 లోపు వెళ్ళాల్సిన రాజకీయ విరాళాల నివేదిక మాత్రం నీ పేరు మీద నువ్వే పంపాలి, ఒక్క డాలరు ఇవ్వకపోయినా సరే. దాన్ని ఆఫీసు చూసుకుంటుందిలే అని కూర్చుంటే మాత్రం నేను ఊరుకోను. సివిల్ జరిమానా రెండు లక్షల డాలర్ల దాకా ఉంది. తెలిసి, దురుద్దేశంతో చేస్తే అయిదేళ్ళ జైలు కూడా.

జాక్ అబ్రమాఫ్ అనే పేరుమోసిన లాబీయిస్టు 2006లో అవినీతి కేసులో నేరం ఒప్పుకున్నాడు. ఆ కుంభకోణం దెబ్బకే 2007లో చట్టాన్ని బిగించారు. 2020లో మళ్ళీ అతనే, రిజిస్టరు కానందుకు అదే చట్టం కింద నేరం ఒప్పుకున్నాడు.

లాయరుకి ఇంకో ప్రమాదం ఉంది. క్లయింటుతో నీ మాటలన్నీ గోప్యమే అనుకుంటావు. చట్టానికి అర్థం చెబితే గోప్యతే. ఎవరిని ఎప్పుడు కలవాలి, ఎలా ఒప్పించాలి అని రాస్తే అది లాబీయింగ్ పని, దానికి ఆ రక్షణ లేదని అక్కడి కోర్టులు ఎక్కువగా చెబుతూ వచ్చాయి. రెండింటికీ వేర్వేరు ఫైళ్ళు, వేర్వేరు ఈమెయిళ్ళు పెట్టుకో. విదేశీ ప్రభుత్వం క్లయింటుగా వస్తే 1938 నాటి విదేశీ ఏజెంట్ల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది, దాని కింద రిజిస్టరు కావడానికి పది రోజులే గడువు. అలాంటి క్లయింటుకి సంతకం పెట్టేముందే సంస్థలో నిబంధనలు చూసేవాళ్ళని అడుగు.

భయపెట్టి పంపుతున్నాననుకోకు తల్లీ. యాన్ వెక్స్‌లర్ సంగతి చూడు. కార్టర్ హయాంలో వైట్‌హౌస్‌లో ప్రజా సంబంధాలు చూసి, 1981లో వాషింగ్టన్‌లో సొంత లాబీయింగ్ సంస్థ పెట్టింది. ఆ రంగమంతా మగవాళ్ళదే అయిన రోజులవి. ఒకరితో ఒకరికి పొసగని సంఘాలని ఒకే విషయం మీద కలపడం ఆమె బలం. నీకూ ఆ ఓర్పు ఉంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

స్టాఫరుకి భోజనం బిల్లు మాత్రం కట్టకు, స్నేహితురాలైనా సరే. రిజిస్టరైన లాబీయిస్టు ఇచ్చే భోజనం కానుక కిందే లెక్క. మినహాయింపులున్నాయి, వాటిని ముందే కాంగ్రెస్‌లోని నైతిక కమిటీని అడిగి రాతలో తీసుకో. ఇక గంటల పట్టీ సంగతి: ప్రతి క్లయింటుకీ విడిగా, ఏ రోజు పని ఆ సాయంత్రమే రాసుకో. మొదటి మూడు నెలల పట్టీ నాకు చూపించాలని ఉంటుంది నీకు. వద్దు, అది క్లయింటు రహస్యం. రాస్తున్నావని ఒక్క మాట చెప్పు, చాలు.

మీ పెద్దమ్మ