దేవుడికీ చింత ఉంటుందా?

సందేహం: మా చర్చిలో సండే స్కూల్ పిల్లలకు వాక్యాలు నేర్పిస్తుంటాను. "ఆయన మిమ్మునుగూర్చి చింతించుచున్నాడు గనుక మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" (1 పేతురు 5:7) చెప్పిస్తుంటే ఒక పాప లేచి, "దేవునికి కూడా టెన్షన్ ఉంటదా టీచర్?" అని అడిగింది. మత్తయి 6లో చింతించవద్దని ప్రభువే చెప్పాడు కదా! అనువాదంలో పొరపాటు ఉందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: పొరపాటు లేదమ్మా. కానీ పాప పట్టుకోవలసిన చోటే పట్టుకుంది.

గ్రీకు మూలంలో ఇవి రెండు వేర్వేరు మాటలు. మన చింతకు అక్కడ 'మెరిమ్నా' అని ఉంది, అంటే మనసును నిలవనీయని దిగులు. మత్తయి 6లో వద్దన్నది కూడా దీన్నే. దేవుడి విషయంలో వాడిన మాట 'మెలెయ్'. ఒకరి సంగతి తనకు పట్టడం, వాళ్ల బాగోగులు తనవనుకోవడం దాని భావం. తెలుగులో రెండింటికీ చింతే వచ్చింది.

సంస్కృతంలో చింత అంటే మొదట ఆలోచనే. దైవచింతన అన్నప్పుడు అందులో దిగులేమీ లేదు కదా! తలచుకున్నది ఇచ్చే మణి కాబట్టే అది చింతామణి. వాడుకలో దిగులు అర్థం బలపడి, పాత అర్థం వెనక్కి పోయింది. అందుకే ఈ వాక్యం ఇప్పటి చెవికి వింతగా తోస్తుంది. "ప్రభువు నన్ను తలంచుకొనుచున్నాడు" అనే 40వ కీర్తన మాట పక్కన పెట్టి చదివితే తేటపడుతుంది.

మన వరంగల్ వైపు దీనికి ఇంకా దగ్గరి మాట ఉంది, ఫికర్. అరబ్బీలో అదీ ఆలోచనే. ఉర్దూ మీదుగా మన ఇళ్లలోకి వచ్చింది. కాజీపేట స్టేషన్‌లో ఒకసారి చూశాను. పరీక్షకు వెళ్తున్న కొడుకును రైలెక్కించి, కిటికీ ఊచల్లోంచి అన్నం డబ్బా అందిస్తూ ఒక తల్లి అంది: "నువ్వేం ఫికర్ చెయ్యకు బిడ్డా, నీ ఫికర్ నాకున్నది." ఒక్క మాటే, రెండుసార్లు. మొదటిది దిగులు, రెండోది ప్రేమ. పేతురు వాక్యం అచ్చంగా ఇదే. రంది అనే మాట ఇక్కడ పనికిరాదు, అందులో బాధే తప్ప బాధ్యత లేదు.

'వేయుడి' కూడా గమనించండి. ఇక్కడి గ్రీకు క్రియ కొత్త నిబంధనలో మరొక్కచోటే వస్తుంది. లూకా 19:35లో శిష్యులు గాడిదపిల్ల మీద తమ బట్టలు వేసేటప్పుడు. అంటే చేతిలోది తీసి ఇంకొకరి మీద పెట్టేయడం. "దేవుని మీద భారమేసినం" అని మనవాళ్లు అనేదీ ఇదే. 55వ కీర్తనలోనూ "నీ భారము యెహోవామీద మోపుము ఆయనే నిన్ను ఆదుకొనును" అని ఉంది.

నాకు ఎంతో ఇష్టమైనది ఈ వాక్యంలోని వరుస. గ్రీకులో మనం వేయడం ముందు, ఆయన పట్టించుకోవడం తర్వాత. తెలుగులో 'గనుక' కారణాన్ని ముందుకు తెచ్చింది. మనం ఇంకా బరువు దించకముందే ఆయన చింతిస్తున్నాడని చదువుతాం.

వాక్యాన్ని మార్చకుండా అలాగే కంఠస్థం చేయించండి. పాపకు మాత్రం, "దేవునికి టెన్షన్ లేదు బిడ్డా, నీ ఫికర్ ఉన్నది" అని చెప్పండి. ఇంట్లో అమ్మ నోట రోజూ వినే మాటే కదా, ఇంకో ప్రశ్న అడగదు.